తోటలోకి రానివ్వరని చెప్పాను

ఆ రోజుల్లో అబద్ధం ఆడటం నాకు బాగా వచ్చనుకునేవాణ్ని. ఆఫీసు మీటింగుల్లో మొదలైనా పెట్టని పనిని "ఆల్మోస్ట్ డన్" అనేవాణ్ని, ఇంటికి ఫోన్ చేసి "రోజూ వండుకునే తింటున్నా" అనేవాణ్ని. రెండూ చెల్లిపోయేవి. ఆ ధీమాతోనే, స్పెయిన్‌లో ఒక సెప్టెంబరు ఉదయం, అద్దె కారు పక్కన నిలబడి మా చిన్నాయనతో, "ఆ తోటలోకి బయటివాళ్లను రానివ్వరట చిన్నాయనా" అన్నాను. పదకొండేళ్లయింది. ఆ తర్వాత నేను ఇంతకన్నా పెద్ద తప్పులే చేశాను, ఒకదానికైతే ఉద్యోగం ఊడినంత పనైంది. అవేవీ పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే గుర్తుకు రావు. ఇదొక్కటే వస్తుంది.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో ఒక అపార్ట్‌మెంట్లో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకడు కెప్టెన్, గుంటూరు వాడు. (మా వీకెండ్ క్రికెట్ జట్టులో వాడు పన్నెండో ఆటగాడు. అయినా ఫీల్డింగ్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో బయటినుంచి వాడే చెప్పేవాడు, అందుకని ఆ పేరు.) రెండోవాడు సైలెంట్, కరీంనగర్ వాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ, కాకపోతే ఆ నాలుగూ మనం వినదలుచుకోనివే అయ్యేవి. మా ఇంటికి పది నిమిషాల దూరంలో అక్క ఉండేది. అక్క అంటే మా చిన్నాయన కూతురు. మనవడు పుట్టాక చిన్నాయన, చిన్నమ్మ గ్రీన్‌కార్డు మీద వచ్చి ఆమె దగ్గరే ఉంటున్నారు.

చిన్నాయన ద్రాక్ష రైతు. హైదరాబాదు పొలిమేరల్లో ఇరవై రెండేళ్లు ద్రాక్షతోట పెంచాడు. రాతి కడీలు పాతి, వాటిమీద తీగలు లాగి, తలెత్తి చేతులు చాపితే గుత్తులు అందేంత ఎత్తున పందిరి. బోర్లు ఎండిపోయాక, చుట్టూ ప్లాట్ల హద్దురాళ్లు లేచాక, తోటను కూలీలకు వదలకుండా తన చేత్తోనే కొట్టేశాడు. తర్వాత ఆయన ద్రాక్షపండు తినగా నేను చూడలేదు. సూపర్‌మార్కెట్లో మాత్రం ప్లాస్టిక్ డబ్బా ఎత్తి, కాడలు పచ్చగా ఉన్నాయో ఎండాయో చూసి, మళ్లీ అక్కడే పెట్టేసేవాడు.

ఆ ఏడాది మా ముగ్గురి పాస్‌పోర్టుల్లోనూ అమెరికా వీసా స్టాంపింగ్ తాజాగా ఉంది, బయటికి పోయినా తిరిగి రానిస్తారు. మాలాంటివాళ్లకు అదొక ఆస్తి. గడువు తీరేలోపు ఏదో ఒక దేశం చూసి రాకపోతే వృథా చేసినట్టే. కెప్టెన్ స్పెయిన్ అన్నాడు, ఉత్తరాన రియోహా అనే వైన్ సీమ అన్నాడు. వాడు అక్క ఇంట్లో లాప్‌టాప్ తెరిచి ఫోటోలు చూపిస్తుంటే చిన్నాయన కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇది ద్రాక్షేనా బిడ్డా? మరి పందిరేది?"

"అక్కడ పందిరి వెయ్యరంట బాబాయ్ గారూ. చెట్టు దానంతటదే నిలబడుద్దంట."

"ఆసరా లేకుంట?" చిన్నాయన తెర మీదికి వంగాడు. మోకాలెత్తు మొద్దు, దాని తలమీద జుట్టు విరబోసుకున్నట్టు ఆకులు. చాలాసేపు చూశాడు. "నేను గూడ వస్త. ఒక్కసారి దగ్గరికి పోయి ఆ మొదలు పట్టుకొని సూడాలె. ఇంకేం అక్కరలేదు నాకు."

ఆయన వీసా సంగతి, టికెట్ సంగతి అక్కే చూసింది. విమానాశ్రయంలో నన్ను పక్కకు పిలిచి, "తమ్ముడూ, మా నాన్నకు చర్చిలూ కోటలూ చూపించకపోయినా పర్లేదు, ఆ తోట మాత్రం చూపించు" అంది. "అది నాకొదిలెయ్ అక్కా" అన్నాను. నేను చాలా గట్టిగా అన్న మాటల్లో అదొకటి.

కెప్టెన్ మాకోసం ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. అందులో సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాలు కేటాయించాడు. "పాయింట్లు కవర్ అవ్వాలంటే డిసిప్లిన్ కావాలమ్మా" అనేవాడు. మొదటి రోజు కొండమీది ఒక పాత ఊరు కవర్ అయింది. చుట్టూ కోటగోడ, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఆనుకోవాల్సినంత సన్నని సందులు, ఇళ్ల కింద వైన్ దాచే నేలమాళిగలు. గంటస్తంభం మీద కొంగలు కట్టిన గూడు చూసి చిన్నాయన, "ఇంత పుల్ల మోస్కపోయి అంతెత్తున వెట్టినయంటే వాటికి గూడ ప్లాట్లు దొరుకుత లేనట్టున్నది" అన్నాడు. రెండో రోజు ఎబ్రో నది వెంబడి సైకిళ్లు. ఒకప్పటి రైలు పట్టాలు పీకేసి, ఆ కట్టమీద దారి చేశారు. నేను వీడియో తీస్తూ తొక్కి ముళ్లపొదలో పడ్డాను. అరవై నాలుగేళ్ల చిన్నాయన తువ్వాల తలకు చుట్టుకొని, మా ముగ్గురికన్నా ముందు వంతెన చేరి, మేం వచ్చేదాకా నీళ్ల సీసాకు మూత పెట్టి పట్టుకొని నిలబడ్డాడు.

దారికి రెండు వైపులా తోటలే. కోతల కాలం. వరుసల మధ్య మనుషులు వంగి లేస్తున్నారు. కారు పోతున్నంతసేపూ చిన్నాయన ముఖం అద్దానికి ఆనించే ఉంది. ఒకచోట ఆపమంటే ఆపాం. రోడ్డు అంచున నిలబడి చూశాడు. చేయి చాపితే అందేంత దూరంలో చెట్టు ఉంది, అయినా చాపలేదు.

"వెళ్లి చూడు చిన్నాయనా, ఎవరూ లేరుగా."

"అడగకుంట పరాయోళ్ల తోటల కాలు పెట్టద్దు" అన్నాడు. "నువ్వు అడుగుతనన్నవు గద ఎవర్నో, గప్పుడే సూస్త."

అడుగుతానన్నమాట నిజమే. మూడో రోజుకు ఒక తోటలో నాలుగు టికెట్లు బుక్ చేసి ఉంచాను. గంటన్నరసేపు కూలీలతోపాటు ద్రాక్ష కోయనిస్తారని చదివి, ఇది చిన్నాయన కోసమే పుట్టిందనుకొని, మిగతాది చదవకుండా నొక్కేశాను. ఆ మిగతాది కెప్టెన్ ముందురోజు సాయంత్రం హోటల్ బాల్కనీలో పైకి చదివాడు. కోత తర్వాత నేలమాళిగలో ఆరు రకాల వైన్ రుచి చూపిస్తారు.

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. తెలుగు పాఠకులకు ఈ కష్టం విడమరిచి చెప్పనక్కర్లేదు. మేం తాగుతామని చిన్నాయనకు తెలుసు. ఆయనకు తెలుసని మాకు తెలుసు. మా తాతల నాటి నుంచీ కల్లు ముట్టనివాడు మా ఇంట్లో ఒక్కడూ లేడు. అయినా పెద్దవాళ్ల ఎదుట గ్లాసు పట్టుకోవడం వేరు. వెలుగులో, ఆయన పక్కనే కూర్చొని, గ్లాసు తిప్పి వాసన చూడటం ఇంకా వేరు.

"బాబాయ్ గారి ముందు గ్లాసెట్టా పట్టుకుంటారా నాయనా?" అన్నాడు కెప్టెన్. "మా ఇంట్లో సంబంధాలు చూస్తన్నారు. వైన్ తాగుతా ఫోటోలో పడ్డానని తెలిస్తే మా అమ్మ అన్నం మానేస్తది."

"కోసుడు అయినంక మనం తాగకుంట ఎల్లొద్దాం" అన్నాడు సైలెంట్.

"ఇంతదూరం వచ్చి ద్రాక్షరసం తాగకుండా ద్రాక్షలు కోసి పోతే, మనల్ని కూలీలంటార్రా."

"తప్పు జేస్తున్నం. ఆయన వచ్చిందే దానికి." ఆ రోజుకు సైలెంట్ కోటా అయిపోయింది. నావైపు చూశాడు. కెప్టెన్ కూడా నావైపే చూశాడు. చిన్నాయన నా మనిషి, నిర్ణయం నాది. పదకొండేళ్లుగా ఈ కథ చెప్పినప్పుడల్లా కెప్టెన్‌ను విలన్ చెయ్యాలని నోరు ఊరుతుంది గానీ, ఆ సాయంత్రం "నేను చూసుకుంటాలే" అన్నది నేనే.

చూసుకున్నాను. మర్నాడు పొద్దున, తోటలోకి బయటివాళ్లను రానివ్వరని, చెప్పులకు అంటుకొని ఏదో పురుగు లోపలికి వస్తుందని భయపడుతున్నారని చెప్పాను. (పురుగు సంగతి ఎక్కడో చదివిందే. అబద్ధంలో కాస్త నిజం కలిపితే నిలుస్తుందని నా అనుభవం.) మాకు ముగ్గురికీ ఏదో ఆఫీసు కాల్ ఉందని, ఆ మూడు నాలుగు గంటలూ కొండమీది పాత క్రైస్తవ మఠంలో గైడెడ్ టూర్ బుక్ చేశానని చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న వేసి ఉంటే నేను తడబడేవాణ్ని. వెయ్యలేదు.

"నిజమే బిడ్డా" అన్నాడు. "నేను గూడ మన తోటల ఎవ్వర్ని రానియ్యకపోదును. మీ నాయన్ని గూడ చెప్పులిడిసి రమ్మంటుంటి. మంచిగ జూస్కుంటున్నరు వాళ్లు."

మఠం ముందు దింపి, చేతిలో పులిహోర డబ్బా పెట్టాం. టూర్ మొత్తం స్పానిష్‌లో ఉంటుందని అప్పుడే తెలిసింది. "బొమ్మలు జూస్త తియ్" అంటూ స్పెయిన్ దేశపు వృద్ధుల గుంపులో కలిసి లోపలికి పోయాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు కూడా.

తోటలో మాకోసం బల్లమీద నాలుగు గడ్డి టోపీలు, నాలుగు చిన్న కత్తెరలు పెట్టి ఉంచారు. నాలుగో మనిషేడని అడిగింది ఆ తోటావిడ. "స్టమక్ అప్సెట్" అన్నాడు కెప్టెన్. పాపం, ఆ మాటకు ఆవిడ నిజంగా బాధపడి, ఏదో ఆకు కషాయం కాచిస్తానంది. నాలుగో టోపీ మేం వెళ్లేదాకా బల్లమీదే ఉంది. నేను కోసిన మొదటి గుత్తి నేలపాలైంది. రెండోదానికి బదులు వేలు కోసుకున్నాను. కెప్టెన్ బుట్టలో గుత్తులకన్నా ఆకులెక్కువ. నడుం పట్టేసి నిలబడిపోతే, మాతో ఉన్న ముసలి కూలీ నన్ను ఒక చెట్టు దగ్గరికి తీసుకుపోయి, తన వయసు కన్నా దాని వయసే ఎక్కువని వేళ్లతో చూపించాడు. నా తొడంత మొదలు. పెళుసుగా ఊడుతున్న నల్లటి బెరడు. తీగ లేదు, కడీ లేదు, మెలి తిరిగి దానంతటదే నిలబడి ఉంది. ముట్టుకున్నాను. ఒక్క క్షణం ఏదో గుచ్చుకున్నట్టయింది. ఆ గుచ్చుకున్నదేమిటో తేలకముందే ఫోన్ తీసి చెట్టుతో సెల్ఫీ దిగాను.

ఇక వైన్. నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. మొదటిది పులుపు, రెండోది వగరు, మూడోది తడిసిన తలుపు వాసన. ఆరింటికీ "నైస్" అన్నాను. కారు నడపాలని కెప్టెన్ ఒక్క గుక్కా తాగలేదు, దానికి బదులు నల్లద్రాక్షలు దోసిళ్లతో తిన్నాడు. తీరా బయటికొచ్చి అద్దంలో చూసుకుంటే ముగ్గురి పళ్లూ నేరేడు రంగులో ఉన్నాయి. తాగనివాడివి ఇంకా నల్లగా ఉన్నాయి. పెట్రోలు బంకు దగ్గర ఆపి, వేలికి పేస్టు రాసుకొని వరసగా నిలబడి తోమాం. సోంపు నమిలాం. చూయింగ్ గమ్ నమిలాం. వేళ్ల సందుల్లో మరక మీద శానిటైజర్ పోస్తే మరకలు పోలేదు గానీ నా వేలి గాయం భగ్గుమంది.

చిన్నాయన మఠం పిట్టగోడ మీద కూర్చొని ఉన్నాడు. పక్కన ఇద్దరు స్పానిష్ అవ్వలు. పులిహోర డబ్బా ఖాళీగా ఉంది, ఆయన ఒళ్లో గుప్పెడు బాదం గింజలున్నాయి.

"మంచి మనుషులు బిడ్డా. ఒక్క ముక్క సమజ్ కాలె. కానీ పులిహోర తిన్నరు, మిరపకాయలు పక్కకు వెట్టిండ్రు." తర్వాత లోయ వైపు చెయ్యి చూపించాడు. "ఈడికెళ్లి కింద తోటలు కనవడుతున్నయి. సాళ్లు లెక్కవెట్టిన. నూటపద్నాలుగు దాక లెక్కవెట్టిన, ఆడికెళ్లి అవుతల కండ్లు ఆనలే."

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఇరవై రెండేళ్లు ద్రాక్షల మధ్య బతికిన మనిషి నా పళ్లు చూశాడు. తర్వాత నా వేళ్లు, నా వేలి గాయం. కత్తెర గాటు ఎలా ఉంటుందో ఆయనకు తెలియనిదా.

"మిమ్ముల రానిచ్చిండ్రా బిడ్డా?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

కెప్టెన్ వెళ్లి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. కారు ఎక్కాక ఫోటోలు చూపిద్దామని ఫోన్ తీశాను. ఎనభై దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ చెట్టుకు అడ్డంగా నేనే ఉన్నాను. ఆయన ఒక్కో ఫోటోలో నా భుజం పక్కనుంచి కనిపించే రెండు వేళ్ల వెడల్పు బెరడును పెద్దది చేసి చూసి, ఫోన్ తిరిగిచ్చాడు. రోడ్డు పక్కన ఒక తోట వచ్చింది. పొద్దు ఇంకా ఉంది.

"చిన్నాయనా, ఇక్కడ ఆపుతాం. అడిగే పోదాం. ఒక్క నిమిషం చూద్దువుగాని."

"వద్దు తియ్" అన్నాడు. "పురుగంటుకుంటది."

ఎత్తిపొడుపో, నా అబద్ధం నాకే మిగిల్చి నా పరువు కాపాడటమో, ఇప్పటికీ నాకు తెలీదు. ఆ సాయంత్రం సూర్యాస్తమయానికి కేటాయించిన పద్దెనిమిది నిమిషాలు మేం కారులోనే గడిపాం. మర్నాడు విమానం.

హెర్న్‌డన్ వచ్చిన వారానికి అక్క దగ్గరికెళ్లి జరిగింది చెప్పాను. ఆమె చేతిలో గిన్నె సింకులో పెట్టి నావైపు తిరిగింది. "నాన్న నాతో ఏం చెప్పాడో తెలుసా? 'తోటలు మస్తుగున్నయమ్మా, పిల్లలు అన్నీ తిప్పిండ్రు' అన్నాడు. మొదలు ముట్టుకున్నావా నాన్నా అంటే, ఆ, అన్నాడు." లోపలికి వెళ్లి తువ్వాలలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది. "సూట్‌కేసు సర్దుతుంటే అడుగున దొరికింది." విప్పితే కత్తెర. ఆయన తోటలో వాడిన కొమ్మల కత్తెర, పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. దాన్ని నూనె రాసి, మాకెవరికీ చెప్పకుండా స్పెయిన్ దాకా పట్టుకెళ్లాడు. విప్పకుండానే తిరిగి తెచ్చుకున్నాడు.

అక్క నాతో మూడు వారాలు మాట్లాడలేదు. ఆ మూడు వారాల్లో నేను హెర్న్‌డన్‌కు పడమర, గంట దూరంలోపు ఉన్న ద్రాక్షతోటలన్నిటికీ మెయిళ్లు రాశాను. ఈసారి అబద్ధం లేకుండా రాశాను. మా చిన్నాయన ద్రాక్ష రైతు, నేను ఆయనకు ఒక తోట బాకీ పడ్డాను, మీ తోటలో ఏ పనైనా చేస్తాం అని. ఒక్క పెద్దావిడ జవాబిచ్చింది. ఫిబ్రవరిలో కొమ్మల కత్తిరింపుకు రమ్మంది.

వెళ్లేటప్పుడు కారులో ఆయనకు అంతా చెప్పాను. నాలుగు టికెట్లు, నాలుగో టోపీ, బాల్కనీ, కడుపునొప్పి, అన్నీ. "మీరు తాగుతరని నాకెర్క లేదా? అటు తిరిగి నిలవడుతుంటిగద. గంత మాత్రానికి చెట్టు చూపియ్యక పోతివి" అన్నాడు. నేను సారీ అన్నాను. తెలుగులో దానికి సరిపడా మాట ఎంత వెతికినా నోటికి రాలేదు.

మంచు కరిగి బురదగా ఉంది తోట. చిన్నాయన గేటు బయటే ఆగి, బూట్లు గడ్డికి రాసి రాసి తుడుచుకొని, ఆవిడ రమ్మన్నాకే కాలు పెట్టాడు. ఆవిడ ఒక కొమ్మ చూపించి రెండు కళ్లు, అంటే చిగురు మొలిచే కణుపులు, ఉంచి కొయ్యాలంది. "మనకాడ ఆరేడు కండ్లు ఇడుస్తం, ఏడాదికి రెండు కటింగులు" అని చిన్నాయన నాతో చెప్పించాడు. వాళ్లిద్దరూ వేళ్లతో, పుల్లలతో అరగంట వాదించుకున్నారు. చివరికి ఆయనే రెండుకు ఒప్పుకున్నాడు. "ఈడ చలి వేరు, ఆమె చెప్పినట్టే ఇనాలె." తువ్వాల విప్పి తన కత్తెర తీశాడు. నేను వెనకే నడుస్తూ తెగిన కొమ్మలు ఏరాను. పని అయ్యాక ఆవిడ రెండు గ్లాసులు తెచ్చింది. చిన్నాయన ఒకటి తీసుకొని, వాసన చూసి, ఒక గుక్క తాగి, రెండోది నా చేతిలో పెట్టాడు. "తాగు. ఈసారి పండ్లు తోముకునే పని లేదు" అని, అటు తిరిగి తోటను చూస్తూ నిలబడ్డాడు, నేను ముగించేదాకా.

ఆ బాకీ అక్కడితో చెల్లిందనుకోను. వర్జీనియా చెట్లు తీగలకు కట్టినవి, ఆయన చూడాలనుకున్నవి కావు. స్పెయిన్‌కు మళ్లీ పోదామని మూడుసార్లు అనుకున్నాం. ఒకసారి నా వీసా, ఒకసారి ఆయన మోకాళ్లు, మూడోసారి ఏదో. అందుకని వరుస చివర ఒక్క మొక్కను తీగకు కట్టకుండా పెంచనిమ్మని ఆవిడను బతిమాలాను. మా వానలకు కుళ్లిపోతుందంది, సరే నీ ఇష్టమంది. ఆరేళ్లుగా ప్రతి ఫిబ్రవరిలోనూ వెళ్లి దాని పని నేనే చూస్తున్నాను. మొదటి మూడేళ్లు ఒక కర్ర ఆసరా, తర్వాత అదీ తీసేశాను. పెద్ద అందంగా ఏం లేదు. కాస్త కుంటి చెట్టు, ఏడాదికి నాలుగైదు గుత్తులు, వాటిలో సగం పిట్టలకు.

పోయిన ఫిబ్రవరిలో చిన్నాయన ఊతకర్రతో వరుస చివరిదాకా నడిచాడు. కర్ర నా చేతికిచ్చి, వంగలేక, మెల్లగా కూలబడి, రెండు చేతులతో ఆ మొదలు పట్టుకున్నాడు. కాసేపు ఊపి చూశాడు.

"నిలవడ్డది" అన్నాడు.

ఆయన లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. నాకిప్పుడు చెవుల దగ్గర నెరిసింది, మోకాళ్లు నావీ చప్పుడు చేస్తున్నాయి. అక్కడ నిలబడ్డప్పుడల్లా, పెట్రోలు బంకు అద్దంలో పళ్లు చూసుకుంటూ, ఇక దొరకం అనుకొని నవ్వుకున్న ఆ ఇరవై ఏడేళ్ల మొహం గుర్తొస్తుంది. వాణ్ని చూస్తే నాకిప్పుడు కోపం కూడా రావడం లేదు, కొంచెం నవ్వొస్తుంది. ఈసారి చెట్టుకు ఫోటో తీశాను. అడ్డం తొలగి తీశాను. అందులో చెట్టుంది, చిన్నాయన చేతులున్నాయి.